కంప్యూటరుకి ఐసుగడ్డ

నేను పుట్టిందే అనుమానపు కొంపలో. తునిలో మా నాన్నగారిది కిరాణా కొట్టు. మధ్యాహ్నం భోజనానికి లేచే ముందు నూనె డబ్బా మీద సుద్దముక్కతో గీత గీసేవారు. తిరిగొచ్చాక ముందు ఆ గీత చూసి, ఆ తర్వాతే కొట్లో కూర్చున్న మా మొహాలు చూసేవారు. పెళ్ళయి భీమవరం వచ్చేటప్పుడు చీరలతో పాటు ఆ అలవాటునీ తెచ్చుకున్నాను. పంచదార, కాఫీపొడి, ఉప్పు, అన్నీ గాజు సీసాల్లోనే పోస్తాను. ప్రతి సీసాకీ ఓ గీత ఉంటుంది. మావారు నడిపి మూసేసిన నెట్ సెంటరులో సీడీల మీద రాసే నల్ల మార్కరు ఒకటి మిగిలితే, దాన్ని నేను ఇందుకు వాడుకున్నాను. ఆ సిరా కడిగినా పోదు.

అందుకని నా కంప్యూటరు రోజూ మధ్యాహ్నం మూడింటికి దానంతటదే ఆగిపోవడం మొదలుపెట్టినప్పుడు, ఎందుకు ఆగుతోందని నేను ఆలోచించలేదు. ఎవరు ఆపుతున్నారా అని ఆలోచించాను.

నా పని పాత ఫోటోలు బాగుచెయ్యడం. రేషను కార్డు మీద గోరంత ముఖం, పెళ్ళి గుంపులో మూల నిలబడ్డ ముఖం, చెదలు కొట్టిన ముఖం, ఏది తెచ్చినా దండ వేసేంత పెద్దది చేసి ఇస్తాను. దానికి గట్టి గ్రాఫిక్స్ కార్డు కావాలి. చదువైపోయి సామాన్లు అమ్ముకుంటున్న ఒక ఇంజనీరింగ్ విద్యార్థి దగ్గర పాతది కొన్నాను. కాబట్టి అనుమానితుల్లో మొదటివాడు అతనే. రెండోది కరెంటు. మూడోవారు మా మావయ్యగారు. ఆయన ముందుగదిలో మంచం మీద పడుకుంటారు, కంప్యూటరు స్విచ్చు సరిగ్గా ఆయన తలవైపు ఉంటుంది, దాని ఫ్యాను చప్పుడంటే ఆయనకి చిరాకు.

ఒకరోజు స్విచ్చు మీద పౌడరు చల్లి పెట్టాను. మూడింటికి కంప్యూటరు ఆగింది. పౌడరు మీద వేలిముద్ర లేదు. కర్రతో నొక్కి ఉంటారనుకుని, మంచం కింద కర్ర ఏదైనా ఉందేమోనని వంగి చూస్తుంటే ఆయన లేచి కూర్చున్నారు.

"ఏం వెతుకుతున్నావమ్మా?"

"చెప్పు జారిపోయిందండి" అన్నాను.

ఆయన నా రెండు కాళ్ళకీ ఉన్న చెప్పులు చూశారు. లేచొచ్చి కంప్యూటరు డబ్బా మీద అరచెయ్యి ఆనించారు. మా మావయ్యగారు జీవితమంతా ఇక్కడి ఐసు ఫ్యాక్టరీలో మిషను ఆపరేటరుగా చేశారు. చేపలకీ రొయ్యలకీ వెళ్ళే ఐసు. గంటగంటకీ పైపుల మీద చెయ్యి వేసి చూడటం, పుస్తకంలో రాయడం, అదే ఆయన ఉద్యోగం. "దీనికి జ్వరమమ్మా. ఎవరూ ఆపట్లేదు, తట్టుకోలేక అదే పడిపోతోంది" అన్నారు. నా పౌడరు సంగతి ఆయనకి తెలిసిపోయిందని అప్పుడు అర్థమైంది.

డబ్బా మూత తీసి చూస్తే కార్డు మీది ఫ్యానుల్లో ఒకటి తిరగడమే లేదు. కొత్త ఏర్పాటుకి షాపువాడు చెప్పిన ధర విని నేను లేచొచ్చేశాను. మావయ్యగారు అటకెక్కారు. నెట్ సెంటరు నాటి చచ్చిన కంప్యూటర్లు ఏడు అక్కడున్నాయి. రెండు రోజుల పాటు అటక మీద నుంచి స్క్రూలు పడుతున్న చప్పుడు వినిపించింది. ఫ్యానులు దిగాయి, వేడిని లాగే, రాగి అడుగున్న హీట్ సింకులు దిగాయి. మూడో రోజు పెరట్లో ఉన్న పాత ఫ్రిజ్జు వెనక రాగి గొట్టం కనిపించలేదు. పాత సామాన్ల వాడు ఆ ఉదయమే మా వీధిలోంచి వెళ్ళాడు. నేను ఆ రెండింటినీ కలుపుకుని, గొట్టం అమ్ముకున్నారంటే పెద్దవయసులో ఈయనకి సిగరెట్టు అలవాటైందని నిర్ణయించేసుకున్నాను.

గొట్టం ఎక్కడికీ పోలేదు. దాన్ని మెలికలు తిప్పి, ఒక హీట్ సింకు రాగి పలకకి టంకం పెట్టి అతికించారు. ఆ పలకని గ్రాఫిక్స్ కార్డు మీద బిగించారు. ఎయిర్ కూలరులోంచి తీసిన చిన్న పంపు ఒక బకెట్టులో పెట్టారు. బకెట్టులోని నీళ్ళు పంపు తోస్తే గొట్టంలోకి వెళ్ళి కార్డు వేడిని లాక్కుని, పక్కన స్టూలు మీద ఉన్న ఒక పాత కారు హీటరు రేడియేటరులో చల్లబడి, మళ్ళీ బకెట్టులోకి వస్తాయి. రేడియేటరుకి రెండు పాత ఫ్యానులు కట్టారు. కరెంటు వస్తువు పక్కన నీళ్ళేంటని నేను వారం రోజులు తడిగుడ్డ చేత్తో పట్టుకుని దాని చుట్టూ తిరిగాను. అది మాత్రం మూడింటికి ఆగలేదు. నాలుగింటికీ ఆగలేదు.

ఆయన పాత అలవాటు తిరిగొచ్చింది. గంటకోసారి గొట్టం మీద చెయ్యి వేసి, ఓ నోటు పుస్తకంలో ఏదో రాసుకునేవారు. నేను వెళ్తే పుస్తకం మూసేసేవారు. ఆయన గుడికెళ్ళినప్పుడు తీసి చూశాను. "12 గం. చల్లన. 1 గం. గోరువెచ్చన. 2 గం. గోరువెచ్చన, అమ్మాయి కాఫీకి లేచింది. 3 గం. ఆగలేదు." నాకు మిగతా ఏదీ కనపడలేదు. కాఫీకి లేచిన సంగతి ఎందుకు రాసినట్టు, ఎవరికి చూపిద్దామని. రెండు రోజులు ఆయన ముందు కాఫీ తాగలేదు.

మా ఇంట్లో రెండేళ్ళుగా పనిచేస్తున్న ఆవిడ ఆ రోజుల్లోనే ఫోటో తెచ్చింది. కాలవ అవతల చేపలోళ్ళ వీధిలో ఉంటుంది, ఇంచుమించు నా వయసే. అనవసరంగా మాట్లాడదు. వాళ్ళమ్మ ఎండుచేపల వ్యాపారం చేసేది, క్రితం ఏడు పోయింది. ఆవిడ పైట కొంగులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి రేషను కార్డు మీద నుంచి ఊడదీసిన చిన్న ఫోటో తీసింది. చెమ్మకి సగం ఉబ్బింది. ముక్కు మీదుగా మడత.

"అమ్మగారూ, మా అమ్మని కాస్త పెద్దది చేసి ఇస్తారాండి? వచ్చే నెల సంవత్సరీకం. మావోళ్ళంతా వత్తారు. దండేద్దామంటే ఆవిడది ఇంకో ఫోటో లేదండి."

"సరే" అన్నాను. అని, లోపలికొచ్చి, రెండేళ్ళలో ఏనాడూ ఏమీ అడగని మనిషి ఇప్పుడే ఎందుకు అడిగిందా అని ఆలోచించాను.

మే నెల వచ్చింది. మా ఊళ్ళో మే నెలంటే గోడల్లోంచి కూడా ఆవిరి వస్తుంది. బకెట్టులో నీళ్ళు తాకితే వేడిగా ఉండేవి, కంప్యూటరు మళ్ళీ మధ్యాహ్నం ఆగడం మొదలుపెట్టింది. మావయ్యగారు దానికీ దారి వెతికారు. చేపల వ్యాన్లకి లోడెత్తేచోట ఆయనకి పాతవాళ్ళు తెలుసు. పదకొండింటికి సైకిలు మీద వెళ్ళి, గోనెసంచిలో ఊక మధ్య పెట్టి ఓ ఐసుగడ్డ తెచ్చేవారు. దాన్ని కడిగి బకెట్టులో వేసేవారు. గొట్టాల మీద చెమ్మ పట్టకుండా నా పాత లంగా గుడ్డ చుట్టారు. సాయంత్రం దాకా కంప్యూటరు గుర్రంలా నడిచేది. మనిషికి లేని భోగం దీనికి పట్టిందని మావారు వేళాకోళం చేశారు. ఆయనది రొయ్యల మేతల కంపెనీ ఉద్యోగం, పగలంతా చెరువుల గట్ల మీదే ఉంటారు.

అదే వారంలో ఉప్పు సీసా మీద నా కన్ను పడింది.

మట్టం గీతకి కిందకి దిగింది. నేను కూరల్లో వేసే లెక్కకి అంత దిగకూడదు. మర్నాడు చూస్తే గీత దగ్గరికి వచ్చేసింది. దిగితే అర్థముంది, పెరగడమేంటి. సీసా ఖాళీచేసి, తుడిచి, కొత్త కల్లుప్పు పొట్లం విప్పి సరిగ్గా గీత దాకా పోసి పెట్టాను. నాలుగు రోజుల తర్వాత కూడా సరిగ్గా గీత దాకానే ఉంది. కానీ కింద తెల్లగా, పైన రెండు వేళ్ళ మందం బూడిదరంగుగా ఉంది. ఆ బూడిదరంగు ఉప్పు నాకు తెలుసు. ఎండుచేపలకి పట్టించే ముతక ఉప్పు అది.

ఇంక నాకు సందేహమేముంది. మా తెల్ల ఉప్పు పట్టుకెళ్ళి, మట్టం తగ్గితే దొరికిపోతానని వాళ్ళ ఉప్పు పోస్తోంది. మా నాన్నగారి కొట్లో బియ్యం బస్తాలకి ఇలాగే జరిగిందని చిన్నప్పుడు విన్నాను. ఇంత చవకైన ఉప్పు కోసం ఎవరైనా ఇంత తతంగం చేస్తారా అని ఒక్క క్షణం అనిపించింది. ఆ క్షణాన్ని నేను ఎక్కువసేపు ఉంచుకోలేదు.

ఆవిడ గిన్నెలు తోముతుంటే వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"మీ చేపలకి వేసే ఉప్పు మా సీసాలోకి ఎలా వచ్చిందమ్మా?"

చేతులు నురగలోనే ఆగిపోయాయి. "తెలీదండి" అంది, తల ఎత్తకుండా.

అది అబద్ధమని ఆ గొంతులోనే తెలిసిపోయింది. అబద్ధం పట్టుకున్నానన్న సంతోషం ఒకటుంటుంది, అది నా చేత ఇంకో మాట అనిపించింది. "ఉప్పు దానంతటదే నడిచొస్తుందా? ఈ రెండేళ్ళలో ఇంట్లోంచి ఇంకా ఏమేం నడిచెళ్ళాయో."

ఆవిడ మిగిలిన గిన్నెలన్నీ కడిగింది. బుట్టలో బోర్లించింది. గుడ్డ పిండి తీగ మీద ఆరేసింది. "ఎల్తానండి" అని గుమ్మం దాకా వెళ్ళి, "అమ్మ ఫోటో" అని ఆగింది. ఆ మాట పూర్తి చెయ్యకుండానే వెళ్ళిపోయింది. మర్నాడు పనికి రాలేదు. ఆ తర్వాతా రాలేదు. తప్పు చేసింది గనకే రావట్లేదని నేను గిన్నెలు తోముకుంటూ అనుకున్నాను. వాళ్ళమ్మ ఫోటో మాత్రం నా టేబులు సొరుగులోనే ఉంది. సంవత్సరీకం ఇంక తొమ్మిది రోజులు.

ఆవిడ మానేసిన మూడో రోజున ఉప్పు సీసా చూశాను. గీతకి రెండు వేళ్ళు కిందకి దిగింది.

సీసా పట్టుకుని వంటింట్లో నిలబడిపోయాను. ఆవిడ లేదు. మావారు చెరువుల మీద ఉన్నారు. పన్నెండింటికి నేను పెరట్లో బట్టలు ఆరేస్తుంటే ఇంట్లో ఉండేది ఒక్క మావయ్యగారే. ఆయనకి రక్తపోటు, డాక్టరు ఉప్పు తగ్గించమన్నారు. దొంగతనంగా తింటున్నారేమో, ఇవాళ కనిపెడదామనుకుని పనిలో కూర్చున్నాను.

ఆ మధ్యాహ్నం తెర మీద ఉన్నది ఆ ముసలావిడ ముఖమే. పని ఆపితే నా మాటలే గుర్తొస్తున్నాయి గనక, కోపంతోనే అయినా దాన్ని పూర్తిచేద్దామని తీశాను. నుదురు వచ్చింది, ఒక కన్ను వచ్చింది. టప్ మని చప్పుడైంది. చూస్తే టేబులు మీద సన్నటి నీటి చార కంప్యూటరు డబ్బా వైపు పాకుతోంది. ప్లగ్గు లాగేశాను. ముసలావిడ ముఖం సగంలో చీకటైపోయింది.

నీళ్ళు రేడియేటరు మూలలోంచి కారుతున్నాయి. ఆ మూలంతా తెల్లగా పొక్కులు లేచి, రేకు పుచ్చినట్టుంది. ఆ తెల్లది ఏంటో చూద్దామని వేలితో తీసి నాలిక్కి తగిలించుకున్నాను. ఉప్పు.

మావయ్యగారు వెనకే నిలబడ్డారు. నేను అడిగేదాకా ఆగకుండా ఆయనే చెప్పారు. "ఫ్యాక్టరీలో ఐసు డబ్బాల చుట్టూ ఉండేవి ఉప్పునీళ్ళే కదమ్మా. చల్లదనాన్ని మోసేది అవే. ఐసు మీద ఉప్పు చల్లితే ఇంకా చల్లబడుతుంది. రోజూ రెండు గుప్పిళ్ళు వేస్తున్నాను." రేడియేటరు మూల తడిమి చూశారు. "అక్కడ ట్యాంకు ఇంత మందం ఇనుము. అయినా ఏటేటా గీకి రంగు వేసేవాళ్ళం. ఇది కాగితంలాంటి రేకని తట్టలేదమ్మా నాకు."

"నాకు ఒక్కమాట చెప్పొచ్చు కదండీ."

"చెబితే ఎందుకంటావు, ఎంతంటావు, ఎవరు చెప్పారంటావు. ఆ జవాబులన్నీ చెప్పే ఓపిక లేక చెప్పలేదు."

నాకు తల తీసేసినట్టయింది. అయినా అడగవలసింది ఇంకా ఒకటుంది. "తీసింది మీరు సరే. మళ్ళీ పోసింది కూడా మీరేనా?"

"నేనెందుకు పోస్తాను? ఎప్పుడు చూసినా నిండుగానే ఉంటే నువ్వే పోస్తున్నావనుకున్నాను."

ఆ సాయంత్రం నేను అన్నం తినలేదు. ఏడుపు వచ్చింది. అది కూడా ఎవరికోసమో తేల్చుకోలేకపోయాను.

రేడియేటరు పారేశాం. మావయ్యగారు పాత ఫ్రిజ్జు వెనకాల మిగిలిన నల్ల గొట్టాల జాలీ విప్పి, దానికే గొట్టాలు తగిలించారు. దాని ముందు ఏడు కంప్యూటర్ల ఫ్యానుల్లో తిరిగేవన్నీ వరసగా కట్టారు. రాగి గొట్టాన్ని మంచినీళ్ళతో అయిదుసార్లు కడిగి, నన్ను పిలిచి, చివర కారిన నీటిని రుచి చూడమన్నారు. చప్పగా ఉందన్నాకే బిగించారు. ఇప్పుడు బకెట్టులో ఏది వేసినా ముందు నాకు చూపించేవారు. అది వెక్కిరింపో మర్యాదో నాకు తెలియలేదు, అడగలేదు.

చల్లగా ఉండే వేళ చూసుకుని తెల్లవారి అయిదింటికి కూర్చుని, ఎండ ఎక్కేదాకా పనిచేసేదాన్ని. ఆ సాఫ్ట్‌వేరుకి ముసలివాళ్ళని చూస్తే పడదు, అందరినీ నున్నగా పడుచువాళ్ళని చేసేస్తుంది. దాని మీద మాత్రం నా అనుమానం పనికొచ్చింది. ఒక్కో ముడతనీ భూతద్దంలో అసలు ఫోటోతో పోల్చి చూశాను. ఆవిడకి ముక్కుకి రెండు వైపులా పుడకలున్నాయి. మడతపడ్డ వైపున్నదాన్ని సాఫ్ట్‌వేరు మరకనుకుని తీసేసింది. దాన్ని మళ్ళీ చేత్తో పెట్టాను. ఆరో రోజుకి పూర్తయింది. ఫ్రేము కట్టించి, సంవత్సరీకానికి ముందురోజు పొద్దున్నే నేనే పట్టుకుని కాలవ దాటాను.

ఆవిడ ఇంటి ముందు వల పరిచి చేపలు ఆరబెడుతోంది. పక్కన ప్లాస్టిక్ టబ్బులో బూడిదరంగు ఉప్పు. నన్ను చూసి లేచి, చేతులు కొంగుకి తుడుచుకుంది. ఫ్రేము మీది కాగితం నేనే విప్పాను. ఆవిడ చాలాసేపు చూసింది. వేలు అద్దానికి తగలకుండా రెండో పుడక దగ్గర పెట్టి, "ఇది కూడా వచ్చిందండి" అంది. లోపలికి తీసుకెళ్ళి గోడకి ఆనించి వచ్చింది.

నేను చెప్పాలనుకున్నవన్నీ దారిలో వరసగా పెట్టుకున్నాను. తీరా నోటికొచ్చింది ఒక్కటే. "ఉప్పు తీసింది మా మావయ్యగారమ్మా. కంప్యూటరు బకెట్టులో వేశారు."

"తెలుసండి. బకెట్టు కాడ చూశాను."

"మరి నాతో చెప్పలేదేం?"

"పెద్దాయన మీద చెప్తే నమ్ముతారాండి?" అంది. అందులో నిష్ఠూరం లేదు, నిజంగానే అడిగింది. తను టబ్బులోని ఉప్పు సర్దుతూ చెప్పింది. "మీరు రోజూ గీత చూస్తారు కదండి. దిగితే నన్నే అంటారని, వచ్చేటప్పుడు ఇంటికాణ్ణించి ఉప్పు తెచ్చి, ఎల్లేటప్పుడు పోసేదాన్ని. గీత దాటితే అది కూడా అడుగుతారని, గీత దాకా పోసి ఊరుకునేదాన్ని. రంగు తేడా అని తెలుసండి. మా ఇంట్లో ఉన్నది ఇదే."

ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. "తప్పు నాదేనమ్మా" అన్నాను. ఆవిడ తలూపింది. కాదనలేదు. రేపట్నుంచి పనికి వస్తావా అని అడగాలని ఉంది, కానీ ఆ మాట ఆ చేపల దగ్గర నిలబడి అడగబుద్ధి కాలేదు.

నేను వెనక్కి తిరుగుతుంటే ఆవిడే పిలిచింది.

"సీసాలో ఇప్పుడు ఎంతుందండి?"

"గీతకి రెండు వేళ్ళు కింద."

ఆవిడ కాగితం తెచ్చి, టబ్బులో చెయ్యి పెట్టి తీసి, పొట్లం కట్టింది. నేను చెయ్యి చాచాను. ఇవ్వలేదు. "ఉప్పు చేతికివ్వకూడదండి, మడుసుల మధ్య పడదంటారు" అని ఇంటి అరుగు మీద పెట్టి పక్కకి జరిగింది. నేను అరుగు మీద నుంచి తీసుకున్నాను.

ఇంటికొచ్చి వంటింట్లో పొట్లం విప్పి సీసాలో పోశాను. సరిగ్గా గీత దాకా వచ్చింది.